లిస్టులో లేని దేవుళ్ళు

సముద్రాల అవతలి ఓ దీవిలో, కహయాన్ నది ఒడ్డున, ఊరి ఆఫీసులో గుర్తింపు కార్డు కోసం పూజారి ముసలమ్మ పొద్దుటినుంచీ కూర్చుని ఉంది. చివరికి గుమాస్తా కలం తీశాడు.

“మతమేంటవ్వా?”

“కహరింగాన్. మా తాతలనాటిది.”

“సర్కారు లిస్టులో లేదు. పోయినసారి ‘ఇంకా మతం రాలేదు’ అని రాశారు.”

“డెబ్బై ఏళ్ళొచ్చాయి. ఇంకెప్పుడొస్తుందిరా, పడవెక్కిందా?”

“నవ్వులాట కాదు. మతం లేదంటే కమ్యూనిస్టని జైల్లో వేస్తారు.”

“ఇంటినిండా దేవుళ్ళున్నా?”

“లిస్టులో లేనివాళ్ళు లెక్కకు రారు. మీవాళ్ళని ఈ ఏడు హిందువుల్లో కలిపారు. అదే రాస్తున్నా.”

“రాయి నాయనా. వాళ్ళేం చేస్తారో ఎవర్నైనా అడిగి నేర్చుకుంటాలే.”

గుమాస్తా ముద్ర గుద్ది, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“అవ్వా, మా చంటిదానికి నాలుగు రోజులుగా జ్వరం. సాయంత్రం వచ్చి మీ దేవుళ్ళని పిలిచి బియ్యం చల్లి పోతావా?”

“వస్తా. ముందు ఆ లిస్టు చూసి చెప్పు, ఏ దేవుణ్ణి పిలవను?”