మెక్సికో వాని పటం

ఇరాక్ సైన్యం దిగగానే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కుటుంబంతో సౌదీకి పారిపోయాడు. ఫింటాస్‌లోని ఆ ఇంట్లో పనిమనిషి రెడ్డెమ్మ, డ్రైవర్ అల్లాబకష్ మిగిలారు. పదిరోజులకు, ఇండియాకు పోయేవాళ్ళను జోర్డాన్ చేర్చే బస్సు మాట వినబడింది.

“గోడమీది బాక్సర్ పటం యాడ, రెడ్డెమ్మా?”

“కఫీల్ తీసకపోయినాడన్నా. ఎవురాయన?”

“మెక్సికో వాడు. ఫెదర్‌వెయిట్ చాంపియన్. బెల్టు ఎవురికీ ఇడవకుండానే, ఇరవైమూడేండ్లకే కారు గుద్దుకొని సచ్చిపాయె. కఫీల్‌కు ఇప్పటికీ ఆయనంటే పానం.”

“అందుకేనా! అద్దం పగలకుండా నేనే దుప్పట్లో సుట్టి కార్లో పెట్టినా. కఫీల్ పెండ్లాం, మామా కూడా మెచ్చుకునింది.”

అల్లాబకష్ గోడకానుకొని కూలబడ్డాడు.

“ఏమైందన్నా?”

“మన పాస్‌పోర్టులు కఫీల్ దాసేది ఆ పటం ఎనకాలే.”

రెడ్డెమ్మ తన చేతులకేసి చూసుకుంది.

“ముడి గట్టిగానే ఏసినానన్నా. యాడా జారిపోవులే.”