తోడు ఫ్లాష్

(పాత కెమెరా ఫ్లాష్‌లు బాగుచేసే దుకాణం. మెకానిక్, ఒక అమ్మాయి. ఆమెను తీసుకొచ్చిన బావ బయట ఫోన్‌లో ఉన్నాడు.)

"దానంతటదే వెలుగుతోందంటే నేను నమ్మను."

"నమ్మకపోతే మానండి మాస్టారూ, నేను కళ్ళారా చూశాను. మీరు ఫోన్లో చెప్పినట్టే బీరువా మీద పెట్టి ప్లగ్గులో వదిలేశా."

"ఏళ్ళ తరబడి పడుకున్న కెపాసిటర్, అదే లోపల కరెంటు దాచుకునేది, లేవాలంటే అలాగే వదలాలి మరి. ఎక్కడ కొన్నావు దీన్ని?"

"పాతసామాన్ల కొట్లో. లేబుల్ ఊడిపోయింది. ఏ కంపెనీదో, ఎప్పటిదో తెలీక తల బద్దలు కొట్టుకుంటున్నా."

"రేకు బాడీ, గుండ్రటి రిఫ్లెక్టరు... ప్లాస్టిక్కు రాకముందుది. ఆ గుడ్డ ఇలా ఇవ్వు, తుడుద్దాం. ఓహో."

"ఏంటి?"

"ఈ మూల గాజు కన్ను చూశావా? మసి కింద దాక్కుంది. ఇది స్టూడియోల్లో పెట్టే తోడు ఫ్లాష్ అమ్మా. దగ్గర్లో ఇంకో ఫ్లాష్ వెలిగితే, ఈ కన్ను పసిగట్టి ఇదీ వెలుగుతుంది."

"అంటే పాడవలేదా?"

"నిక్షేపంలా ఉంది. నీ గదిలో ఇంకో ఫ్లాష్ ఉందా?"

"లేదే."

"ట్యూబులైటు మినుకుమంటోందా?"

"ఉన్నది మామూలు బల్బు."

"పోనీ, మెరుపులు?"

"చినుకు పడి నెలయింది."

"మరి ఎప్పుడు వెలిగింది?"

"స్నానం చేసొచ్చి బట్టలు మార్చుకుంటుంటే... అయినా ఇంకో ఫ్లాష్ వెలిగితే నాకు కనపడదా?"

"ఫ్లాష్ ముందు నల్ల అద్దం బిగిస్తే ఆ వెలుగు మన కంటికి కనపడదు. ఈ కంటికి కనపడుతుంది."

"నా గదిలో అలాంటిదేదీ లేదు మాస్టారూ."

"నీ గదిలోకి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు. గడియ పెట్టుకునే పడుకుంటా. ఇంట్లో ఉండేది అక్కా, బావా, నేనూ."

"ఈమధ్య గదిలో కొత్తగా ఏమైనా బిగించారా?"

"గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను. ఉక్కపోస్తోందని బావే నిచ్చెనెక్కి బిగించాడు."

"తిరుగుతోందా?"

"ఇంకా కనెక్షన్ ఇవ్వలేదు."

"ఆ గోడకి అవతలేముంది?"

"బావ సామాన్ల గది... మాస్టారూ, అలా చూడకండి. నాన్న పోయాక నన్ను చదివిస్తోంది ఆయనే."

"నేనేమీ అనలేదు తల్లీ. నాకు భయమేస్తోంది, అంతే. ఇది వెలుగుతోందని ఆయనకి చెప్పావా?"

"లేదు, ఎవరికీ చెప్పలేదు. ప్లగ్గులో పెట్టానంటే తిడతాడని. ఏ కంపెనీదో కనుక్కోవాలని మాత్రం చెప్పా, అంతే."

"ఇవాళ వేరే చోట పడుకోగలవా?"

"హాస్టల్లో స్నేహితురాలుంది. కానీ అక్కకేం చెప్పను? ఇదంతా ఉత్తిదే అయితే దాని కాపురంలో నేనే నిప్పులు పోసినదాన్నవుతా."

"వస్తున్నాడు. మామూలుగా ఉండు."

"ఏం మరదలా, తేలిందా? ఏమంటాడు మెకానిక్కు?"

"బాగా పాతది సార్. ఇక్కడ వదిలివెళితే నిదానంగా చూస్తా."

"వదలడమెందుకు, చెత్తలో పడెయ్యక! ఎప్పుడో ఇల్లు అంటుకుంటుంది. రాత్రి నువ్వు నిద్రపోయాక కూడా రెండుసార్లు వెలిగింది."