సారా వ్యాపారి సముద్రం

దుమ్ముగూడెం అవతలి ఊళ్ళో బడి వదిలారు. పోడు పట్టా కుదరదంటూ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం పట్టుకుని, సోషల్ చెప్పే జస్టిన్ సారు మీదికి వచ్చిపడ్డాడు బొజ్జయ్య. ఒళ్ళు మండిపోతోంది అతనికి.

“మాట మార్చకు సారూ. నేనడిగింది నా చేను సర్వే చేసినోడు ఎవడని, నువ్వు గోడ మీది పటంల చూపిచ్చేదేంది?”

“పటాల సంగతే చెప్తున్న బొజ్జన్నా. ఇగో, ఉత్తరాన మంచులో... బూతియా సింధుశాఖ. సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చింది. దగ్గర దగ్గర రెండొందల ఏండ్ల కింద ఓ బ్రిటిషు కెప్టెన్ ఓడేసుకొని పోయిండు.”

“బూతియా ఎవడు? వాని తాతా?”

“కాదు. ఖర్చులిచ్చిన సారా వ్యాపారి. ఆయన ఇంటిపేరు మీద పెట్టిండు.”

“థూ! సముద్రానికి సారా అమ్మెటోని పేరా? ఆడ మనుషుల్లేరా?”

“తరతరాల నుంచి ఉన్నరు. ఒడ్డు ఎట్ల తిరుగుతదో కెప్టెన్‌కు గీసి మరీ చూపిచ్చిండ్రు.”

“వాళ్ళు గీస్తె వీడు పేరు పెట్టిండు! సిగ్గు శరం లేని జాతి. నా కాగితం చూడు. ‘సాగు లేదు, అడవి’ అంట! మా అయ్య కొట్టిన పోడు సారూ, నాలుగెకరాలు. పోయినేడు భూమికి అలుపు తీరాలని ఇడిచిపెట్టి, నేను, నా పెండ్లాం ఎర్రమ్మ ఏన్కూరుకు మిరపకాయలు ఏరబోయినం. గప్పుడే వచ్చిండంట సర్వే చేసెటోడు. ఎల్లుండి ఫారెస్టోళ్ళు కందకం తవ్వి మొక్కలు పెడతరంట. మేమేం తిని బతకాలె? ఆ రాసినోడెవడు?”

“చెప్తగా... విను. ఆ సింధుశాఖ వాకిట్ల, పడమటి ఒడ్డున ఓ సందున్నది. అవతలి సముద్రానికి దారది. దీవులు అడ్డమున్నయి. నీళ్ళు అక్కడికే ఆగిపోయినయనుకున్నడు కెప్టెన్. దారి లేదని గీసిండు.”

“లోపలిదాక పోయి చూడలే?”

“పోలే.”

“పోకుంటే ‘చూడలే’ అని రాయాలె! లేదని రాసుడేంది?”

“ఇరవై ఏండ్లు అందరూ అదే నిజమనుకున్నరు.”

“అనుకోరా మరి? సదువుకున్నోడు గీసిండాయె! గసొంటి దొంగసచ్చినోడే నా చేను మీదికొచ్చిండు. వాని పేరు నీకెర్కే. ఎందుకట్ల మొఖం తిప్పుతవ్? చెప్పు సారూ, ఆ పినపాక ఊరోడా?”

“వాగు దాటలే బొజ్జన్నా...”

“ఏ వాగు? ఎవరు దాటలే?”

“నీ చేను ముందరి వాగు. సర్వే డ్యూటీ మా సార్లకేసిండ్రు. ఇంకా మూడూళ్ళు తిరగాలె, ఒకటే ఎండ. ఇవతలి గట్టు మీద నిలబడి చూసిన. తుప్పలే కనబడ్డయి. ‘అడవి’ అని రాసింది నేనే.”