ముందు సీటు

ఎవరితో మాట్లాడుతున్నట్టు ఆ నటన? అవతల ఎవరూ లేరని నాకు తెలుసు. ఫోను జేబులో పెట్టుకుని ఇలా రండి. వచ్చి కార్లో కూర్చోండి. ఇటు కాదు, డ్రైవరు సీట్లో నేనున్నా, కనబడట్లేదా? అటు తిరిగి రండి. పక్క సీటు.

ఏం? కూర్చోడానికి అంత ఆలోచనా? ముళ్ళేమైనా ఉన్నాయా అందులో?

సర్లెండి. కూర్చోకపోతే పోయారు, ఆ తలుపు పట్టుకుని నిలబడే వినండి. మా చెల్లి బండి కోసం వచ్చేస్తూ ఉంటుంది. అదొచ్చేలోగా మనిద్దరం ఒక మాట మీదికి రావాలి.

నాకు మొదట్లోనే అనుమానం రావాల్సిందండీ. ఎయిర్‌బ్యాగు దీపం ఎర్రగా వెలుగుతోందక్కా అని అది బండి తెచ్చిందా? మీరేమన్నారు? "కంట్రోల్ బాక్సు పోయి ఉంటుంది, మార్చి పడేద్దాం" అన్నారు. కంప్యూటర్ తగిలించకుండానే! మన షెడ్డుకి ఇంకెవరి బండొచ్చినా "రేకుల పని నాది, కరెంటు పని మా ఆవిడది, ఆవిడ్నే అడగండి" అని చేతులు దులిపేసుకునే మనిషి, మా చెల్లి బండి రాగానే నాకంటే ముందే రోగం పేరు చెప్పేశారు. ఎంత ప్రేమో మరదలి మీద అనుకున్నా. నా బుద్ధి అలా ఏడిసింది.

ఆఁ, వినండి. కంప్యూటర్ ఏమంది? బాక్సు బాగాలేదందా? పక్క సీటు ఎయిర్‌బ్యాగు నుంచి జవాబు సరిగా రావట్లేదంది. అంటే తప్పు బాక్సుదైనా కావచ్చు, వైరుదైనా కావచ్చు, ఆ బ్యాగుదైనా కావచ్చు. ముందు డాష్‌బోర్డు విప్పి చూద్దామన్నాను. మీరు ఎగిరిపడ్డారు. "క్లిప్పులు విరిగిపోతాయి, మళ్ళీ కిర్రుకిర్రుమంటుంది, నీకు తెలీదు" అని. నాకు తెలీదట!

పోనీలే, మొగుడి మాట కూడా ఒకసారి విందామని బాక్సే తీశాను. ఈ రెండు సీట్ల మధ్య నేలకి బిగించి ఉంటుందే, అరచెయ్యంత డబ్బా, అది. పెద్ద బ్యాటరీ ప్లగ్గు పీకి, చిన్న బ్యాటరీ వైరు ఊడదీసి, లోపల మిగిలిన కరెంటంతా దిగేదాకా చేతులు కట్టుకు కూర్చుని, అప్పుడు ముట్టుకున్నాను. ఎలక్ట్రిక్ బండితో తొందరపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బల్ల మీద పెట్టి పరీక్ష చేశాను. నిక్షేపంలా ఉంది. అయినా మీరు ఊరుకుంటేనా? ఎక్కడి నుంచో పాత బాక్సు పట్టుకొచ్చారు. దానికి కోడింగ్ చేసి బిగించాను. ఏమైంది? మళ్ళీ అదే దీపం, అదే మాట. రెండు బాక్సులూ కూడబలుక్కున్నాయా ఏంటి, మీ మీద కక్ష కట్టి?

అందుకే ఇవాళ మీరు రంగుల కొట్టుకెళ్ళగానే డాష్‌బోర్డు విప్పేశాను.

వంగి చూడండి. అబ్బా, చూడండి ఫరవాలేదు, అది మిమ్మల్నేం కరవదు. గూడు ఖాళీ. బ్యాగు ఉండాల్సిన చోట బూజు పట్టి ఉంది. ఇంకేం లేదు.

మరి ఇన్నాళ్ళూ దీపం ఎందుకు వెలగలేదు? నాకంటే మీకే బాగా తెలుసు, అయినా చెప్తా. బండి ఆన్ చెయ్యగానే ఈ బాక్సు ఒక్కో బ్యాగునీ పలకరిస్తుంది, ఉన్నావా అని. బ్యాగు ఉంటే పలుకుతుంది. ఇక్కడ బ్యాగు లేదు. దాని బదులు వైరు చివర గోరంత రెసిస్టరు ఒకటి కూర్చుని రోజూ "ఉన్నా, ఉన్నా" అంటోంది. క్లాసు ఎగ్గొట్టినవాడి హాజరు పక్కవాడు పలికినట్టు. పాపం, గతుకులకి ఆ వైరు వదులైంది కాబట్టి దొరికింది కానీ, లేకపోతే ఆ బాక్సు దాన్ని నమ్ముతూనే ఉండేది.

ఎవరు పెట్టారు అని అడగరేం? కనీసం కోపమైనా నటించండి! "ఎవడు ఆ వెధవ" అని ఒక్క తిట్టు తిట్టినా నేను కాసేపు మోసపోదును. దొంగకి తేలు కుట్టినట్టు అలా నిలబడితే ఎలాగండీ?

ఇదిగో, ఇది చూడండి. నల్ల టేపు. కొస మడిచి చిన్న చెవిలా పెట్టి ఉంది. తర్వాత విప్పేవాళ్ళకి గోరు పట్టాలి కదా అని, టేపు చుట్టిన ప్రతిచోటా కొస మడిచే మనిషిని నేను ఈ లోకంలో ఒక్కణ్ణే చూశాను. మన పిల్ల పుస్తకాల అట్టలకీ అంతే, ఇంట్లో పప్పు పొట్లాలకీ అంతే. పెళ్ళైన కొత్తలో అది చూసే కదా, ఎంత బుద్ధిమంతుడు దొరికాడు నాకు అని మురిసిపోయాను! దొంగపని చేసేటప్పుడు కూడా ఎదుటివాడి గోరు గురించి ఆలోచించారే. ఏడవాలో నవ్వాలో తెలీట్లేదు నాకు.

ఇక ఈ రెసిస్టరు. ఇది నాదేనండీ! పరీక్ష చేసేటప్పుడు బ్యాగు బదులు కాసేపు తగిలించుకోడానికి నేను చేసుకున్న జతలో ఒకటి. బండిలో మర్చిపోకూడదని రెండింటికీ పిల్ల పాత ఎర్ర రిబ్బను ముక్కలు కట్టుకున్నాను. మర్చిపోతే ప్రాణాల మీదికొస్తుందని. మీరు ఆ రిబ్బను కత్తిరించి మరీ పెట్టారు. అప్పుడు ఇది కనబడట్లేదని షెడ్డంతా వెతికాను, గుర్తుందా? మీరూ నాతోపాటు వెతికారు! బీరువా జరిపారు. "నీకు మతిమరుపు ఎక్కువైంది" అని కూడా అన్నారు.

ఎందుకు చేశారని నేను అడగను. నాకు అర్థమైంది. చెల్లి కోసం గుద్దుకున్న బండి కొని మీరే బాగుచేశారు. డ్రైవరు ముందు బ్యాగు కొత్తది పెట్టారు, చూశాను, అందులో మోసం లేదు. పక్కది మాత్రం టైముకి రాలేదు. పేలే సరుకు, మామూలు పార్సిల్లో రాదాయె. అక్కడ చెల్లేమో "బావా బండెప్పుడు, ఉద్యోగంలో చేరాలి" అని ప్రాణం తీస్తోంది. ఇప్పుడిలా పెట్టి ఇచ్చేద్దాం, బ్యాగు రాగానే మార్చేద్దాం అనుకున్నారు. అంతేనా? తల ఊపకండి, నోటితో చెప్పండి.

పోనీ, వద్దులెండి. అటక మీద పాత బంపర్ల వెనక ఉన్నదేంటి? డాష్‌బోర్డు క్లిప్పుల కోసం ఎక్కితే కనబడింది. కొత్త బ్యాగు. సీలు కూడా తియ్యలేదు. వచ్చి ఎన్నాళ్ళైందో దాని మీద దుమ్ము చెప్తోంది.

వచ్చిందండీ! వచ్చి మన నెత్తి మీదే కూర్చుంది. పెట్టడానికి ఎంతసేపు? ఒక పూట పని. కానీ పెట్టాలంటే బండి అడగాలి, బండి అడిగితే ఎందుకని చెల్లి అడుగుతుంది, చెల్లి అడిగితే నాకు తెలుస్తుంది. బావ మాట అంటే దానికి వేదం. ఆ మాట పోతుందేమోనని, మనిషి పోయినా ఫరవాలేదనుకున్నారా?

అరవట్లేదు. నేను అరవట్లేదు.

ఇంతవరకైతే నేను క్షమించేదాన్నేమో కూడా. పొరపాటు, సిగ్గు, మనుషులన్నాక ఉంటాయి. కానీ చెల్లి కొడుకు, ఆ బుడ్డోడు నిన్న ఒక మాట అన్నాడు.

తల్లిని మించి పెరిగాడు, మూతి మీద నూనూగు మీసం కూడా వచ్చింది, అయినా మనకి బుడ్డోడే. బండి ఇక్కడ వదలడానికి వాళ్ళమ్మతో వచ్చి, మన పిల్లని ఏడిపిస్తున్నాడు. "కాలేజీకెళ్ళేటప్పుడు ముందు సీటు ఎప్పటికీ నాదే. పెదనాన్న నా పార్టీ. నిన్ను వెనక కూర్చోమన్నాడుగా!" అని. ఎంత గర్వమో వాడి మొహంలో. మీరు వాణ్ణి ఎక్కువ ముద్దు చేస్తారని దానికి ఉక్రోషం.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెల్లి వీళ్ళిద్దర్నీ కాలేజీలో దింపడం మొదలుపెట్టిన మొదటి రోజే కదా మీరు మన పిల్లని గుమ్మంలో ఆపి చెప్పింది? ముందు కూర్చుంటే ఏసీ గాలి మొహానికి కొట్టి జలుబు చేస్తుంది, వెనకే కూర్చో అని. ఒట్టు కూడా వేయించుకున్నారు దాని చేత. ఏసీ గాలి! జలుబు! మనింట్లో అది ఐసు గడ్డలు నములుతుంటే ఒక్కనాడూ వద్దనలేదు మీరు.

అంటే మీకు రోజూ గుర్తుందన్నమాట. మర్చిపోయి కాదు. పొద్దున్నే ఆ బండి మన గుమ్మం ముందు ఆగుతుంది, మన పిల్ల వెనక ఎక్కిందో లేదో చూసుకుంటారు, వాడు ముందు కూర్చుని మీకు చెయ్యి ఊపుతాడు. మీరూ ఊపుతారు. ఎలా ఊపారండీ? ఆ చెయ్యి ఎలా లేచింది? నువ్వు... నువ్వసలు మనిషివేనా?

ఏడవకండి. మీరేడిస్తే నేను చెప్పాల్సింది చెప్పలేను.

నేనేదో కడిగిన ముత్యాన్ని అనుకోకండి. పొద్దున ఈ డాష్‌బోర్డు మూత తీసి, ఆ మడత పెట్టిన టేపు కొస చూశానా? అప్పుడు నాకొచ్చిన మొట్టమొదటి ఆలోచన ఏంటో తెలుసా? చెల్లి కాదు. బుడ్డోడు అంతకంటే కాదు. "అమ్మయ్య, మన పిల్ల వెనకే కదా కూర్చుంటోంది" అనుకున్నాను. హాయిగా ఊపిరి కూడా పీల్చుకున్నాను. వాడు నా చేతుల్లో పెరిగినవాడు, వాడికి మొదటి అన్నం ముద్ద నేను కలిపి పెట్టాను. అలాంటిది వాడు నాకు తర్వాతెప్పుడో గుర్తొచ్చాడు. గుర్తొచ్చాక కూడా ఒక్క క్షణం ఆ మూత మళ్ళీ పెట్టేద్దామా అనిపించింది. ఆ బ్యాగు గుట్టుగా బిగించేస్తే ఎవరికీ తెలీదు కదా, నా సంసారం పరువు నాకుంటుంది కదా అని.

అందుకే అది ఇంకా అటక మీదే ఉంది. ముందు చెల్లికి చెప్పాలి, ఆ తర్వాతే బిగించాలి. బిగించేశాక ఇక చెప్పం. మీరూ చెప్పరు, నేనూ చెప్పను. మనిద్దరి సంగతీ నాకిప్పుడు తెలిసిపోయింది.

అదిగో, గేటు చప్పుడు. వచ్చేశారు. బుడ్డోడు కూడా వచ్చాడండోయ్. చూడండి, వాళ్ళమ్మని వెనక వదిలేసి పరిగెత్తుకొస్తున్నాడు. తిన్నగా మీ దగ్గరికే, ఈ తలుపు దగ్గరికే.

కళ్ళు తుడుచుకోండి. తలుపు మాత్రం వదలకండి. "జరుగు పెదనాన్నా, నా సీటు" అంటాడు వాడు. ఏం చెప్తారో చెప్పండి. ఏసీ గాలి అని మాత్రం అనకండి.