మూడో మంచం లెక్క

తాండూరులో రాజేశం గారి ఇంటి వరండా, ఆదివారం పొద్దున. వికారాబాద్ కాలేజీలో చదివే మనుమరాలు ప్రణవి నవారు మంచాల సందుల్లో పుల్ల పెట్టి నల్లుల్ని లెక్కపెడుతోంది. మూడు మంచాలు, మూడింటికీ ఏది పోయాలో రాసిన చీటీలు. తాత రాజేశం గారు కుర్చీలో ఉంటే, మూడో మంచం మీద నాయనమ్మ ఇందిరమ్మ కూర్చుంది. లేస్తే ఒట్టు!

"జర లే నాయనమ్మా. నీ మంచమొక్కటే మిగిలింది."

"లేస్త తియ్యి. మోకాళ్ళు గుంజుతున్నయి. ముందు గా రెండిట్ల ఎన్నున్నయో చెప్పు."

"తాత మంచం వేపనూనెది. పోయిన ఆదివారం నలభై, ఇయ్యాల ఐదు."

"చూసిండ్రా, ఏమయ్యా! కంపు కంపని ముక్కు మూసుకున్నరు. ఇప్పుడు గుర్రుపెట్టి పండుకుంటున్నరు."

"బజార్ల మందు డబ్బా తెస్తనంటే నువ్వే గద ఇందిరా వద్దన్నవు?"

"గా డబ్బా మందు కొడితే నల్లుల కన్న ముందు మనం పోతం. నీ మంచం సంగతేంది బిడ్డా?"

"గదే పరేషాన్. నా మంచానికి ఉత్త నీళ్ళే గదా. ముప్పై ఎనిమిది ఉండె. ఇయ్యాల నాలుగే!"

"మంచిదే గదనే! కుట్టకుంటె గూడ ఏడుస్తరా?"

"ఉత్త నీళ్ళకే నల్లులు పోతే ఇగ మందెందుకు? రేపు మేడంకు లెక్క ఇయ్యాలె. వేపనూనెకు, నీళ్ళకు ఫరక్ లేదు, చెట్లమందులు దండగ అని రాయాలె."

"దండగనా? మా అమ్మమ్మ కాలం సంది పోస్తున్నం! అట్లెట్ల రాస్తవే?"

"కండ్లతోని చూసింది రాస్త. నువ్వు లే, సీతాఫలం గింజలది గూడ చూస్త."

"చాయ తాగుతవా?"

"తాగిన."

"ఇంకింత తాగు. ఏమయ్యా, పిల్లకు చాయ పొయ్యిండ్రి."

"నువ్వు లేవకుండ నన్ను లేపుతున్నవేందే?"

"తాతా, నువ్వాగు. నాయనమ్మా, నిజం చెప్పు. దినాం నేను రైలుకు పోయినంక మూడు మంచాలకు నువ్వే పోసినవు. నా మంచానికి నీళ్ళే పోసినవా?"

"పోసిన."

"ఉత్త నీళ్ళు?"

"నీళ్ళే... నీళ్ళల్ల జర..."

"జర?"

"సీతాఫలం గింజలు నూరినయి."

"నాయనమ్మా! గది నీ మంచానిది! ఒక మంచానికి మందు లేకుంటేనే ఫరక్ తెలుస్తదని పదిసార్లు చెప్పిన!"

"చెప్పినవు. నేనూ సరే అన్న. కని చెయ్యి రాలె బిడ్డా. ఒక్క బంతిల కూసోవెట్టి ఇద్దరికి పప్పు పోసి, ఒకరికి నీళ్ళు పోస్తరా? గా ఒక్కరు నువ్వాయె. నిన్ను నల్లులకు ఇడిసిపెట్టి నేను మంచిగ పండుకుంటనా?"

"నల్లుల ముచ్చటల బంతేంది నాయనమ్మా! వారం కష్టం ఆగమైంది. మందు పొయ్యని మంచం రేపటికల్ల యాడికెళ్ళి తేవాలె?"

"ఇందిరా, నువ్వు వారం సంది ఈపు గోక్కుంటున్నవు. అడిగితే చెమటకాయలంటివి. చలికాలంల చెమటకాయలా?"

"మీరు ఊకోండ్రి."

"ఆగు తాతా. నాయనమ్మా, నీ మందు నా మంచానికి పోసినవు. మరి నీ మంచానికి?"

"ఎండ వస్తున్నది, లోపలికి పోదాం పా."

"నాయనమ్మా."

"సీసల గంతే ఉండె బిడ్డా. అందరికి వడ్డించినంక గిన్నెల నీళ్ళు గాక ఏం మిగుల్తది?"

"లే నువ్వు. తాతా, గటు దిక్కు పట్టు. ఒకటి, రెండు... గీ సందులనే పది... అమ్మో!"

"ఎన్నే?"

"యాభై రెండు! మొదలు నలభై ఒకటే ఉండె. నాయనమ్మా, నీ మందు పనిచేసింది!"

"ఆగమైందంటివి?"

"ఏం గాలె! గీ రెండు చీటీలు అటిటు మారుస్తే అయిపాయె. మందు పొయ్యని మంచం నీదే. గుడ్లు పిల్లలైతే మందు మళ్ళ పొయ్యాలె, గది వేరే. కని నువ్వు వారమంత ఎట్ల పండుకున్నవే గిండ్ల?"

"పండుకున్ననా? కూసున్న."

"ఇందిరా, ఇయ్యాల రాత్రి నువ్వు నా మంచంల పండుకో. నేను కింద చాప ఏసుకుంట. వడ్డించినోళ్ళు గూడ తినాలె గదా."

"అబ్బో! గా వేపనూనె కంపుల ఎవరు పండుకుంటరయ్యా!"