రెండు టిక్కెట్ల పూచీ

నల్లపాడు స్టేషన్ బయట హనుమాయమ్మ టీ బడ్డీ దగ్గర ఆ పొద్దున ఆటో కోటేష్ తన అనుమానం బయటపెట్టాడు. వాడికి మస్కట్‌లో పని దొరికింది. హైదరాబాదు నుంచి బొంబాయికి ఒక కంపెనీ విమానం, అక్కణ్ణుంచి మస్కట్‌కి ఇంకో కంపెనీ విమానం. విడివిడిగా కొంటే చవకన్నారట. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే పూచీ ఎవరిది, పని పోతే ఎవర్ని అడగాలి అని వాడి బెంగ. ఆ వీధిలో విమానం ఎక్కినవాడు మిర్చి యార్డు గుమాస్తా బుల్లయ్య ఒక్కడే. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, కండువా సర్దుకుని అందుకున్నాడు.

"నన్నడిగావు కాబట్టి బతికిపోయావురా కోటేష్. రెండేళ్ళ కిందట శాంపిల్ కాయలు చూపించడానికి ఢిల్లీ వెళ్ళానా, నేను పట్టుకెళ్ళిన కాయ కొరికి అక్కడి వ్యాపారి మూడు రోజులు మాట్లాడలేదు, సైగలే, అది వేరే కథ, తర్వాత చెప్తా. నాలుగో రోజు తెల్లారుతుండగా ఫోను. మా సుబ్బరావమ్మక్క పోయిందని."

బల్ల మీద ఉన్నవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చున్నారు.

"అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని పెంచింది అక్కే. దాని పుట్టింటి వైపు మిగిలింది నేనొక్కణ్ణే. ముత్తైదువగా పోయింది, పుట్టింటి చీర కప్పందే పాడె ఎత్తరు కదా. ముందురోజే ఒక చీర కొన్నాను, ఆకుపచ్చది, ఎర్రంచు, ఊరెళ్ళాక కట్టుకుంటుందని. మా బావ అంకారావు ఫోన్లో ఒకటే మాట: నాలుగింటి దాకా ఉంచుతాం, చీర తీసుకుని వచ్చెయ్యి అని. ఆ వ్యాపారి కంప్యూటర్ ముందు కూర్చుని రెండు టిక్కెట్లు తీశాడు. హైదరాబాదుకి ఒక కంపెనీ, హైదరాబాదు నుంచి గన్నవరానికి ఇంకో కంపెనీ. మధ్యలో రెండున్నర గంటలు. అది చాలదూ? ఒకవేళ చాలకపోయినా, మన నల్లపాడులో ఒక బండి లేటయితే రెండో పాసింజరు ఆగదూ? అలాగే ఆగుతుందనుకున్నా."

"ఆపేవాళ్ళం," అన్నాడు గౌస్ బాషా. ఆయన ముప్పై ఏళ్ళు ఈ స్టేషన్లోనే జెండా ఊపి రిటైరయ్యాడు. "పది నిమిషాలు, పావుగంట."

"అద్గదీ. తీరా ఎయిర్‌పోర్టుకి వెళితే నా సంచి పైకి రానివ్వరట. అందులో కాయలూ కారం పొడీ ఉన్నాయి, విమానంలో మనుషుల దగ్గర ఉండకూడదట. సంచి మొత్తం విమానం కడుపులో పడేశారు. చీరా అందులోనే పోయింది. ఎక్కి కూర్చున్నాం. బయట మంచు. గంటైనా కదలదు. నాకు అక్కడ కాలు నిలవడం లేదు. లేచి డ్రైవరు గది తలుపు కొట్టాను. అయ్యా, మా అక్క పోయింది, నాలుగింటికి ఎత్తేస్తారు అన్నాను. ఆ పైలట్ మొహం చూడాలి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీరొచ్చి పక్కన కూర్చోండి, మీ కంటికి దారి కనిపిస్తుందేమో అన్నాడు."

"నువ్వు నడిపావా బాబాయ్?" అన్నాడు కోటేష్.

"నడపలా. అబద్ధం ఎందుకాడాలి, స్టీరింగు ఊరికే పట్టుకున్నానంతే. మిర్చి యార్డులో పొద్దున్నే దుమ్ములో లారీలు వెనక్కి తీయించిన కళ్ళివి, మంచు ఒక లెక్కా. కుడి, ఎడమ, పోనీ పోనీ అని చెప్తుంటే హైదరాబాదులో దించేశాడు. రెండో కౌంటరు మూయడానికి ఇంకా నలభై నిమిషాలుంది. సంచి రెండో విమానంలోకి వాళ్ళే మారుస్తారనుకుని నేరుగా పోబోతుంటే కౌంటరులో అమ్మాయి ఆపింది. రెండో టిక్కెట్టు మా కంపెనీది కాదండి, మిమ్మల్ని ఇక్కడ దించడం వరకే మా పూచీ, మీ సంచి మీరే తీసుకుని బయటికెళ్ళి మళ్ళీ అక్కడ ఇచ్చుకోవాలి అంది. సరేనని ఆ రబ్బరు బెల్టు దగ్గర నిలబడ్డా. అందరి సంచులూ వస్తున్నాయి, నాది రాదు."

బుల్లయ్య గ్లాసులో టీ లేకపోయినా ఎత్తి నోటి దగ్గర పెట్టుకుని దించాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? బెల్టెక్కేశాను. పడుకుని, ఆ రబ్బరు తెరల్లోంచి లోపలికి పోయాను. పోగా పోగా విమానం కడుపులో తేలాను. మూడొందల పెట్టెలు. ఒక్కొక్కటీ ఇటు విసిరేస్తుంటే నా సంచి చేతికి దొరికింది, మూలన చిరిగి ఉంది. లాగేసరికి కారం పొడి ఎగిరింది చూడూ, అది మన గుంటూరు కారం, ఎయిర్‌పోర్టు మొత్తం తుమ్ములు. పోలీసులు తుమ్ముతున్నారు, మైకులో మాట్లాడే అమ్మాయి తుమ్ముతోంది, ఆ తుమ్ముల గాలికి ఆగి ఉన్న విమానాలు తోకలు తిప్పుకున్నాయి."

కోటేష్ నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నవ్వకు. రెండో కంపెనీ దగ్గరికి పరిగెత్తాను. మూసేశాం అన్నాడు అక్కడున్నాయన. మొదటి విమానం లేటయిందయ్యా, తప్పు నాది కాదు అన్నా. మీరు ఏ విమానంలో వచ్చారో మాకెందుకు, మా టిక్కెట్టుకి మీరు టైముకి రాలేదు, మా పూచీ లేదు అన్నాడు. వీళ్ళని అడిగితే వాళ్ళంటారు, వాళ్ళని అడిగితే వీళ్ళంటారు. అద్దంలోంచి చూస్తే గన్నవరం విమానం కదులుతోంది. నాకు ఒళ్ళు తెలియలేదు. తలుపు తోసుకుని రన్‌వే మీద పడ్డాను. సంచి భుజాన వేసుకుని పరుగు. అది ఎంత స్పీడో నేనంత స్పీడు. సరిగ్గా లేచేముందు రెక్క పట్టుకుని ఎక్కి కూర్చున్నా. చలి, గాలి. కింద కృష్ణ సన్నగా కనిపిస్తోంది. కిటికీ అద్దం మీద కొట్టి, బాబూ, నల్లపాడు మీదుగా ఒక్క చుట్టు తిప్పు అన్నా. తిప్పాడు. పైనుంచి చూస్తే మా బావ ఇంటి ముందు జనం, పాడె కట్టి ఉంది. అప్పుడేమైందో తెలుసా? చీర మడత విప్పి నాలుగు కొసలూ పట్టుకుని దూకేశాను. గాలి నింపుకుని గొడుగులా విచ్చుకుంది. మెల్లగా, మెల్లగా వచ్చి, వాకిట్లో నా కాళ్ళు ఆనేసరికి చీర అక్క మీద పరుచుకుంది. కాళ్ళ నుంచి గడ్డం దాకా. ఒక్క ముడత లేదు."

ఎవరూ నవ్వలేదు. గౌస్ బాషా నేల చూపులు చూస్తున్నాడు. హనుమాయమ్మ పొయ్యి మీద పాలగిన్నె దించింది.

"నువ్వు రాలేదు బుల్లయ్యా," అంది. "ఆ రోజు మీ అక్కకి కప్పింది నా చీర."

బుల్లయ్య ఆమె వైపు చూశాడు. "బావ కొనుక్కొచ్చాడనుకున్నా."

"మీ బావ రోడ్డు మీద నుంచి కదిలితేగా, నువ్వొస్తావని. నాలుగున్నర దాటింది. పొద్దు వాలుతోంది, ఇక ఎత్తాలి అన్నారు పెద్దవాళ్ళు. ఇంటికెళ్ళి నా పెట్టెలో కట్టకుండా దాచుకున్న మంగళగిరి చీర తెచ్చి కప్పాను. తమ్ముడు పంపాడని అందరికీ చెప్పాను. కప్పేటప్పుడు దాని చెవిలోనూ అదే చెప్పాను."

బుల్లయ్య కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు దాన్ని మడత పెడుతూనే ఉన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు చివరికి. "ఏమీ కాలేదు. ఆ బెల్టు దగ్గరే నిలబడ్డాను. రెండో కౌంటరు మూయడానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. సంచి వదిలేసి పరిగెత్తితే ఎక్కేవాణ్ణి. చీర లేకుండా ఏం మొహం పెట్టుకుని పోవాలి, పుట్టింటి వాడు ఉత్త చేతుల్తో వచ్చాడంటారని నిలబడ్డా. సంచి వచ్చింది. విమానం వెళ్ళిపోయింది. బస్సెక్కాను. దిగేసరికి అక్క పడుకున్నచోట దీపం పెట్టి ఉంది."

"చీరదేముందయ్యా," అంది హనుమాయమ్మ. "నేను కప్పలేదూ. నువ్వొచ్చుంటే దాని మొహం చూసుకునేవాడివి."

"అవునక్కా. నాకా మాట బస్సులో తట్టింది."

కోటేష్ లేచి నిలబడ్డాడు. ఇక అడగాలో వద్దో తెలియనట్టు మెల్లగా అన్నాడు, "అయితే పూచీ ఎవరిది బాబాయ్?"

"వాళ్ళది కాదట, వీళ్ళది కాదట. ఇక నాదేగా. నువ్వెళ్ళి మస్కట్ దాకా ఒకటే టిక్కెట్టు తీసుకోరా. ఖరీదెక్కువైనా ఒకటే తీసుకో. కావలసింది సంచిలో పడెయ్యకు, చేత్తో పట్టుకో."

కోటేష్ తలూపి ఆటో వైపు నడిచాడు. హనుమాయమ్మ ఇంకో టీ పోసి బుల్లయ్య ముందు పెట్టింది.

"ఆ చీరేం చేశావు?"

"సంచిలోనే ఉంది. కాయల ఘాటు పట్టేసింది. తీసినప్పుడల్లా కళ్ళు మండుతాయి," అన్నాడు.

ఈసారి అవి కోతలని ఎవరూ అనలేదు.