అందరికీ వచ్చే నెట్

(విన్నిపెగ్‌లో ఒక ఇల్లు. జనవరి, మధ్యాహ్నం మూడుంబావు. వంటింటి బల్ల మీద కంప్యూటరు. దాని ముందు ఇంటావిడ సరోజ. పక్కన నిలబడ్డవాడు అనంత్, ఆ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే విద్యార్థి.)

"ఆ వైరు మూడోసారి పీకి పెడుతున్నావు బాబూ."

"లూజుందేమోనని చూస్తున్న ఆంటీ."

"వైఫైకి వైరెందుకు?"

"ఇది... పవర్‌ది."

"పవరు ఉందిగా. తెర వెలుగుతోందిగా. నెట్ ఒక్కటే రావట్లేదు. కింద నీకు వస్తోందా?"

"నాకా? వస్తది. అప్పుడప్పుడు ఆగుతది."

"పొద్దున్న నీ గదిలోంచి క్రికెట్ వినబడింది. ఓవర్ మీద ఓవర్. ఆగలేదే."

"రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేద్దామా ఆంటీ?"

"నువ్వు రాకముందే చేశా."

"ఇంకోసారి."

"రెండుసార్లు చేశా. టీవీకి వస్తోంది, నా ఫోన్‌కి వస్తోంది, నీకు వస్తోంది, ఆఖరికి వీధి తలుపు గంటకి కూడా వస్తోంది. దీనికొక్కదానికే ఏం పుట్టింది?"

"పాతదైంది కదా ఆంటీ."

"ఆయనా అదే మాట అన్నారు. మీరిద్దరూ కూడబలుక్కున్నారా ఏంటి?"

"లేదు లేదు. అట్ల ఏం లేదు."

"నవ్వులాటకి అన్నాను, కంగారెందుకు? టైమెంత?"

"మూడూ ఇరవై."

"నాలుగింటికి కాలేజీవాళ్ళు మూసేస్తారయ్యా. సీటు తీసుకుంటున్నానని ఆ బటన్ నొక్కకపోతే వెనక లైన్లో ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తామని రాశారు. హెల్త్ కేర్ ఎయిడ్ కోర్సు, రోగుల్ని కనిపెట్టుకునే పనికి. రెండేళ్ళు ఎదురుచూస్తే వచ్చింది. నలభై ఆరు నాకు. ఇది పోతే మళ్ళీ రెండేళ్ళు."

"ఫోన్ల చేయరాదా?"

"ఫోన్లో ఆ బటన్ కనబడదు. ఎంత జరిపినా పక్కకి పోతుంది. సెప్టెంబర్ నుంచీ ఈ కంప్యూటర్ ఇంతే. అప్పట్నుంచి లైబ్రరీకి నడిచెళ్ళి చేసుకుంటున్నా. ఇవాళే అక్కడ పైపు గడ్డకట్టి పగిలిందట, మూసేశారు. నీకు ముందే చెప్పాల్సింది. నెట్‌వర్కింగేగా నువ్వు చదివేది?"

"అవును."

"ఇలాంటివి నేర్పరా?"

"నేర్పుతరు."

"మరి?"

"...అంకుల్‌కి చెప్పిన్రా ఆంటీ?"

"ఏం చెప్పాలి?"

"కోర్సు సంగతి."

"సీటు వచ్చాక చెబుదామనుకున్నా."

"వచ్చింది కదా."

"ఒప్పుకున్నాక చెబుదామనుకున్నా. దాంతో నీకేం పని బాబూ? నీ మొహం ఏంటి అలా చెమటలు పట్టింది? బయట మైనస్ ముప్పై నాలుగు."

"హీటర్ ఎక్కువైంది ఆంటీ."

"రౌటర్‌లోకి వెళ్ళి చూడచ్చట కదా, ఏది కలిసింది, ఏది కలవలేదని. లైబ్రరీలో ఒకమ్మాయి చెప్పింది. నువ్వు చూడు."

"దానికి పాస్‌వర్డ్ కావాలె."

"నీ దగ్గర లేదా? ఆ రౌటర్ పెట్టిందే నువ్వంటగా."

"పెట్టిన. తర్వాత అంకుల్ మార్చిన్రు కావచ్చు."

"ఆయన టీవీ రిమోట్‌లో బ్యాటరీలు మార్చలేరు."

"ఆంటీ, ఒకటి చేద్దాం. నా ఫోన్ డేటా ఇస్త. హాట్‌స్పాట్. రౌటర్‌తో పనే లేదు."

"అలా కుదురుతుందా?"

"కుదురుతది. ఇటు జరగండి. ఇగో, నా పేరు కనిపిస్తుందా? నొక్కండి."

"నొక్కా. ...వచ్చింది."

"వచ్చింది కదా."

"ఆగు. నీ ఫోన్ నుంచి ఇస్తే దీనికి చక్కగా వచ్చింది. అంటే కంప్యూటర్‌కి ఏ రోగమూ లేదు."

"ఆంటీ, టైం. ముందు పేజీ తెరవండి."

"తెరుస్తున్నా. మన ఇంటి నెట్‌కే ఇదంటే పడట్లేదన్నమాట."

"యూజర్ నేమ్ కొట్టండి ఆంటీ."

"కొడుతున్నా, నోరూ చెయ్యీ రెండూ ఆడతాయి నాకు. ఇదిగో నా పేరు. ఇదిగో సీటు. ఇదిగో నీలం బటన్. నొక్కుతున్నా."

"నొక్కండి."

"ఆరంకెల కోడ్ పంపామంటోంది. ఇన్నాళ్ళూ ఇది అడగలేదే. నాకేం రాలేదు."

"ఏ నంబర్‌కి పంపిందో చూడండి. చివర ఎనభై మూడు."

"అయ్యో."

"మీది కాదా?"

"నాది పదహారు. ఎనభై మూడు ఆయనది. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు ఫోనెక్కడిది? బ్యాంకుకీ, డాక్టరుకీ, దేనికైనా ఆయన నంబరే రాసేవాళ్ళం."

"నంబర్ మార్చచ్చు. సెట్టింగ్స్‌ల... లేదు. మార్చాలన్నా ఆ పాత నంబర్‌కే కోడ్ పంపుతదట."

"ఎటు తిరిగినా ఆయన జేబులోకే. కాలేజీకి ఫోన్ చేస్తే?"

"లైన్ల ముప్పై ఎనిమిది మంది ఉన్నరట, చేసి చూసిన ఇప్పుడే. మూడు ముప్పై ఆరు అయింది ఆంటీ."

"అయితే నువ్వు అడుగు ఆయన్ని."

"నేనా?"

"నేనడిగితే ఎందుకంటారు. చెబితే వద్దంటారు. నీ మాట వింటారు. ఏదో ఒకటి చెప్పు."

"నాతోటి కాదు ఆంటీ."

"పండక్కీ పబ్బానికీ నీకో విస్తరి పైన వేశాను కదయ్యా. జ్వరమొస్తే చారు కాచి దింపాను. ఏనాడూ ఏదీ అడగలేదు. ఆరు అంకెలు అడుగుతున్నా."

"...చేస్త. బయటికి పోయి మాట్లాడి వస్త."

"బయటికెందుకు, గడ్డకట్టుకుపోతావు. ఇక్కడే మాట్లాడు. స్పీకర్ పెట్టు, అంకెలు నేను రాసుకుంటా."

"స్పీకర్ పాడైంది."

"క్రికెట్‌కి పనిచేసిందిగా. ఇటివ్వు. ఇదేగా బటన్? మోగుతోంది. నేను నోరెత్తను."

"ఆఁ, చెప్పు అనంతూ. డ్యూటీలో ఉన్నా, గబగబా చెప్పు."

"అంకుల్, అదీ..."

"ఏంటి, మీ ఆంటీ కంప్యూటర్ సంగతేనా? మళ్ళీ నెట్ వచ్చిందా దానికి?"

"రాలేదు అంకుల్."

"నువ్వు వేసిన తాళం గట్టిదేగా? ఊడిపోదుగా? అనంతూ? ఉన్నావా?"

"ఉన్న అంకుల్. ఊడిపోయేటట్టుంది. అందుకే చేసిన. ఒక కోడ్ వచ్చి ఉంటది మీ ఫోన్‌కి. అది చెప్తే పర్మనెంట్‌గా లాక్ చేస్త."

"వచ్చింది, ఇప్పుడే టింగుమంది. కానీ ఎవరికీ చెప్పద్దని రాశాడు కింద. కాలేజీ అని కూడా ఏదో ఉంది."

"అది మా కాలేజీ సాఫ్ట్‌వేర్ అంకుల్. దాంతోనే లాక్ చేస్తున్న."

"అలాగా. ఇక ఎప్పటికీ రాదుగా?"

"మళ్ళ అడిగే పనుండదు అంకుల్."

"రాసుకో అయితే. నాలుగు, సున్నా, ఏడు... కళ్ళజోడు తీసుకోనీ... ఏడు, రెండు, తొమ్మిది."

"నాలుగు, సున్నా, ఏడు, ఏడు, రెండు, తొమ్మిది."

"అదే. ఆవిడెక్కడుంది?"

"పైన... వంట చేస్తున్నట్టున్నరు. వెనక ఆ పాటలేంది అంకుల్?"

"గోడౌన్‌లో రేడియో. ఉంటా మరి. నీ సంగతి నేను మర్చిపోలేదులే, మార్చిలో చూద్దాం."

"సరే అంకుల్. ...పెట్టేసిన్రు. ఆంటీ, అంకెలు కొట్టండి. నన్ను తర్వాత చూడండి. కోడ్ పది నిమిషాలే ఉంటది."

"నాలుగు. సున్నా. ఏడు. ఏడు. రెండు. తొమ్మిది."

"ఇప్పుడు నొక్కండి."

"నొక్కా. తిరుగుతోంది."

"తిరగనీ."

"వచ్చింది. వెల్‌కమ్ సరోజ అంటోంది. మే ఆరున క్లాసులంట."

"అయిపోయింది ఆంటీ. సీటు మీదే."

"ఊఁ. ఇప్పుడు కూర్చో."

"నిలబడే ఉంట."

"తాళమా?"

"అవును ఆంటీ."

"నా కంప్యూటర్‌కి. నువ్వు."

"రౌటర్‌ల మీ కంప్యూటర్ పేరు పక్కన ఒక టిక్కు. అంతే. మీరు ఏవో దొంగ లింకులు నొక్కుతున్నరు, బ్యాంకు సంగతులు బయటపడతయి అని చెప్పిన్రు అంకుల్."

"నమ్మావా?"

"మొదట నమ్మిన."

"తర్వాత?"

"నా గది కిటికీ నేల మట్టానికి ఉంటది కదా. రోజూ పదిన్నరకి మీ బూట్లు కనిపించేవి, మంచుల నడుచుకుంట లైబ్రరీ దిక్కు పోయేవి. మళ్ళ రెండింటికి ఇటు వచ్చేవి. అప్పటి నుంచి నమ్మలే."

"నమ్మక?"

"చూసి ఊకున్న."

"నాలుగు నెలలు."

"నాలుగు నెలలు. ఆ టిక్కు తీస్తే అంకుల్ ఫోన్‌కి మెసేజ్ పోతది ఆంటీ. అందుకే ఇవాళ కూడా తీయలే, నా డేటా ఇచ్చిన. ఇందాకటి నుంచి వైర్లు పీకింది కూడా అందుకే."

"అంత భయమా ఆయనంటే?"

"భయం కాదు. ఏప్రిల్‌ల నా చదువు అయిపోతది. ఇక్కడ ఒకచోట ఆరు నెలలు పనిచేసినట్టుంటేనే ఇక్కడ ఉండిపోనిచ్చే పీఆర్‌కి అప్లై చేయనిస్తరు. లేకుంటే వెనక్కి పోవుడే. ఎక్కడ అడిగినా వందమంది ఉంటున్నరు లైన్ల, అందరం స్టూడెంట్లమే. కాఫీ కొట్టు ఉద్యోగానికి నిన్న బయట వీధి మలుపు దాకా నిలబడ్డం. గోడౌన్‌ల సూపర్‌వైజర్ నేనే, నిన్ను నేను పెట్టించుకుంట అన్నరు అంకుల్. మార్చిలో చూద్దాం అన్నది అదే."

"ఎప్పుడన్నారు ఆ మాట?"

"సెప్టెంబర్‌ల. ఆ టిక్కు పెట్టిన రోజే."

"సెప్టెంబర్లో."

"తప్పు నాదే ఆంటీ. ఏమన్నా అనండి, పడత. ఇల్లు ఖాళీ చేయమంటే చేస్త. కానీ అంకుల్‌కి ఇప్పుడే చెప్పకండి. ఆ ఉద్యోగం ఒక్కటే ఉంది నాకు."

"రోజూ లైబ్రరీకి నడిచేదాన్నని చూశావు కదా. ఎంత దూరం అది?"

"నలభై నిమిషాలు ఉంటది."

"అంతసేపు చలికి ఆగలేక మధ్యలో మాల్‌లోకి దూరేదాన్ని, చేతులు వెచ్చబడేదాకా. నువ్వు నెట్ ఆపకపోతే ఆ దారే తొక్కేదాన్ని కాదు."

"సారీ ఆంటీ."

"సారీ కాదు, విను. ఫుడ్‌కోర్టులో మూలబల్ల దగ్గర కూర్చుని ఉంటారు ఆయన. యూనిఫారంలో. ఇందాక నువ్వు విన్న పాటలు అక్కడివే."

"అంకులా? డ్యూటీ టైంలనా?"

"ఆ గోడౌన్ ఆగస్టులోనే మూతపడింది బాబూ. జీతం ఆగిందని నేను బ్యాంకులో చూస్తాననేమో ఆ తాళం. నాకు తెలుసని ఆయనకి తెలియదు, ఇప్పటికీ ఆదివారం ఆదివారం ఆ యూనిఫారం ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తూనే ఉన్నా."